మూడవ సాలార్‌జంగ్

నవాబు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (జూన్ 13, 1889 - మార్చి 2, 1949) హైదరాబాదు సంస్థానపు దివానులలో ఒకడు, ప్రసిద్ధ కళాఖండాల సేకర్త. మూడవ సాలార్‌జంగ్‌గా ప్రసిద్ధుడు. హైదరాబాదులో మూసీ నది దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలోని వస్తువులలో అధిక భాగం ఈయన సేకరించినవే. ఒకే వ్యక్తి పేరున, ప్రధానంగా ఒకే కుటుంబపు సేకరణతో ఏర్పడిన మ్యూజియంలలో ఇది పెద్దదిగా పేరు పొందినది.

వంశము, బాల్యము

సాలార్‌జంగ్ వంశీయులు నిజాముల వద్ద తరతరాలుగా దివానులుగా పనిచేశారు. వీరిలో మిక్కిలి ప్రసిద్ధుడు ఈయన తాత మీర్ తురాబ్ అలీ ఖాన్ (మొదటి సాలార్‌జంగ్). ఆయన 1853 నుండి 1883లో మరణించేవరకు దివానుగా ఉండి సంస్థానపు పరిపాలనను, రెవెన్యూ వ్యవస్థను సంస్కరించాడు. తండ్రి మీర్ లాయిక్ అలీ ఖాన్ (రెండవ సాలార్‌జంగ్) 1884 నుండి 1887 వరకు దివానుగా ఉన్నాడు.

యూసుఫ్ అలీ ఖాన్ పూణేలో జన్మించాడు. పుట్టి నెల తిరగకముందే తండ్రి మరణించాడు. అందువలన పసితనములోనే ఆయన ఒక పెద్ద జాగీరుకు వారసుడయ్యాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆ జాగీరును, బాలుని పెంపకమును ప్రభుత్వ పర్యవేక్షణలో ఉంచాడు. ఆయన విద్యాభ్యాసం నిజాం కళాశాలలో జరిగింది.

దివాను పదవి

1912లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఈయనను దివానుగా నియమించాడు. అప్పటికి ఆయన వయసు 23 సంవత్సరాలు. తాత ముప్ఫై ఏళ్ళు నిర్వహించిన పదవిలో మనుమడు రెండున్నరేళ్ళకు మించి కొనసాగలేదు. 1914లో పదవి నుండి తప్పుకున్నాడు. ఆ తరువాత తన కాలాన్ని, జాగీరు ఆదాయంలో పెద్ద భాగాన్ని కళాఖండాల సేకరణకే వినియోగించాడు. ఆయన వివాహం చేసుకోలేదు.

సేకరణ

సేకరణకు పునాది తాతల నాడే పడింది. మేలిముసుగు రెబెక్కాగా పేరొందిన పాలరాతి శిల్పాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీ నుండి తెచ్చాడు. దీనిని చెక్కినవాడు జొవాన్ని మరియా బెంజోని. బైబిలు కథలో రెబెక్కా కాబోయే భర్త ఇస్సాకును దూరం నుండి చూచి ముసుగు వేసుకుంటుంది. పలుచని ఆ ముసుగు వెనుక ముఖం కనిపిస్తున్నట్లు శిల్పి రాతిలో చూపాడు. ఒకే రాతిలో వస్త్రపు మడతలు, వాటి చాటునున్న కనుముక్కు తీరు రెండూ తెలియడం ఈ శిల్పపు ప్రత్యేకత.

మూడవ సాలార్‌జంగ్ దాదాపు నలభై సంవత్సరాలు సేకరణ సాగించాడు. యూరోపు, పశ్చిమాసియా, చైనా, జపాను వస్తువులతో పాటు భారతీయ లఘుచిత్రాలు, ఆయుధాలు, పచ్చరాతి పాత్రలు, దంతపు వస్తువులు, అరబ్బీ, పారసీక, ఉర్దూ వ్రాతప్రతులు ఆయన నివాసమైన దివాన్ దేవిడీకి చేరాయి. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థ పేరుతో ఉన్న సంగీత గడియారం వీటిలో జనాదరణ పొందినది. గంట గంటకు అందులోని బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టడాన్ని చూడటానికి సందర్శకులు ముందే గుమిగూడతారు.

దుస్తులు, చిత్రకళ

ఈ సేకరణ వివిధ దేశాల వేషధారణను తెలుసుకోవడానికి కూడా ఉపయోగపడుతుంది. దక్కనీ, మొగలు లఘుచిత్రాలలో రాజులు, ఉద్యోగులు ధరించిన జామాలు, నడికట్లు, తలపాగాలు వివరంగా కనిపిస్తాయి. బనారసు జరీ వస్త్రాలు, కాశ్మీరు శాలువలు, కలంకారీ బట్టలు నేరుగా చూడవచ్చు. కాబట్టి చిత్రంలోని వస్త్రాన్ని అసలు నేతతో పోల్చి చూసే వీలు ఒకే చోట లభిస్తుంది.

యూరోపు విభాగంలో ఫ్రాన్సెస్కో హాయెజ్ గీచిన సబ్బు బుడగలు చిత్రం ప్రసిద్ధమైనది. ఒకే కొయ్యలో రెండు వైపుల చెక్కిన మెఫిస్టోఫిలిస్, మార్గరెటా శిల్పం మరొకటి. ఇవి గోథే రచించిన ఫౌస్ట్ నాటకంలోని పాత్రలు. ముందువైపు తలముసుగు అంగీతో గర్వంగా నిలుచున్న మెఫిస్టోఫిలిస్, వెనుక అద్దంలో తలవంచిన మార్గరెటా కనిపిస్తారు. ఇద్దరి స్వభావ భేదం వారి నిలుచున్న తీరులోను, దుస్తులలోను తెలుస్తుంది.

మరణము, మ్యూజియం స్థాపన

హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన కొద్ది నెలలకు, 1949 మార్చి 2న ఆయన మరణించాడు. సంతానం లేనందున ఆస్తికి ప్రత్యక్ష వారసులు లేరు. బంధువుల మధ్య పంపకం జరిగితే సేకరణ చెల్లాచెదురయ్యే ప్రమాదం ఏర్పడింది. ప్రభుత్వం ఆస్తి నిర్వహణకు ఒక సంఘాన్ని నియమించింది. నాటి ముఖ్య పాలనాధికారి ఎం.కె.వెల్లోడి ఈ వస్తువులను మ్యూజియంగా మార్చాలని సంకల్పించగా, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ వాటిని అమర్చడంలో తోడ్పడ్డాడు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించాడు.

వారసత్వపు చిక్కు 1958లో హైకోర్టు ద్వారా కుదిరిన రాజీతో తీరింది. కుటుంబ సభ్యులు సేకరణను భారత ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టం దీనిని జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా ప్రకటించింది. 1968లో మ్యూజియం ఇప్పటి భవనానికి మారింది. 2000లో దీనికి చేర్చిన రెండు భవనాలకు ఆయన తాత, తండ్రుల పేర్లు పెట్టారు. నలభై వేలకు పైగా కళాఖండాలతో, పెద్ద గ్రంథాలయంతో ఈ సేకరణ ప్రజల సొత్తుగా నిలిచి ఉన్నది.