కనిపించని పదార్థం జాడ చెప్పిన ఫ్రిట్జ్ జ్విక్కీ

ఆకాశంలో కంటికి కనిపించేదే సర్వస్వం కాదని లెక్కగట్టి చెప్పిన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్విక్కీ. ఆయన 1898 ఫిబ్రవరి 14న బల్గేరియాలోని వర్ణా నగరంలో జన్మించారు. తండ్రి స్విట్జర్లాండ్ దేశస్థుడు. చదువు కోసం ఆరేళ్ళ వయసులోనే ఆయనను స్విట్జర్లాండ్‌లోని గ్లారస్‌కు, తాత నానమ్మల దగ్గరకు పంపారు. అమ్మానాన్నలకు దూరంగా చదవడమంటే ఏమిటో హాస్టల్లో ఉండే మనకు తెలుసు. జ్యూరిచ్‌లో ఉన్నత విద్య ముగించి 1925లో అమెరికాలోని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరారు.

1933లో ఆయన కోమా అనే గెలాక్సీల గుంపును పరిశీలించారు. అందులోని గెలాక్సీల వేగాల మధ్య సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా తేడాలు కనిపించాయి. మన పల్లెల్లో జొన్నచేను కావలికి వెళ్ళి వడిసెల తిప్పినవారికి ఒక సంగతి తెలుసు. రాయి ఎంత వేగంగా తిరిగితే తాడు అంత గట్టిగా ఉండాలి. గెలాక్సీలకు ఆ తాడు గురుత్వాకర్షణ. కనిపించే నక్షత్రాల బరువు ఒక్కటే అయితే ఆ గుంపు ఎప్పుడో చెల్లాచెదురయ్యేది. కాబట్టి అక్కడ కనిపించని పదార్థం చాలా ఉండాలని తేల్చి, దానిని కృష్ణపదార్థం అన్నారు.

ఆయన కోపిష్ఠి. తోటివారితో పొసగేది కాదు. దాదాపు నలభై ఏళ్ళు ఈ మాటను ఎక్కువమంది పట్టించుకోలేదు. అయితే మనసు మంచిది. రెండో ప్రపంచయుద్ధంలో నాశనమైన గ్రంథాలయాలకు టన్నులకొద్దీ పుస్తకాలు సేకరించి పంపారు. యుద్ధంలో అనాథలైన పిల్లలకు అండగా నిలిచారు. 1974 ఫిబ్రవరి 8న కన్నుమూశారు.

1970లలో వీరా రూబిన్ గెలాక్సీల భ్రమణ వేగాలు కొలిచాక ఆయన మాటకు బలం వచ్చింది. ఆ తరువాత ఇంకో ప్రశ్న పుట్టింది. ఆ కణాలు వేడివా, చల్లనివా? ఇక్కడ వేడి అంటే కణాల వేగమే. తొలి విశ్వంలో అవి కాంతివేగానికి దగ్గరగా పరుగెత్తి ఉంటే, తూర్పారబట్టేటప్పుడు పొట్టు ఎగిరిపోయినట్లు చెదిరిపోయేవి. చిన్న గెలాక్సీలు ఏర్పడేవి కావు. నెమ్మదిగా కదిలితేనే గింజల్లా ఒకచోట కుప్పపడతాయి. అందుకే శాస్త్రవేత్తలు ఎక్కువమంది దానిని చల్లని కృష్ణపదార్థంగా భావిస్తున్నారు. ఆ కణం ఏమిటో నేటికీ చిక్కలేదు.

మిత్రులారా! పదిమంది వినలేదని జ్విక్కీ తన లెక్కను మార్చుకోలేదు. మనం కూడా లెక్క సరిగ్గా చేసి, దానిపై నిలబడడం నేర్చుకుందాం. చిక్కని ఆ కణం మన హాస్టల్ విద్యార్థి కోసమే ఎదురుచూస్తోందేమో!