తిరుత్తణి వీధిబడి నుంచి ప్రపంచ విద్యాసభల దాకా
డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ జీవితం

(గ్రామీణ విలేకరి)

ఆడికృత్తిక వస్తే నగరి, పుత్తూరు ప్రాంతాల పల్లెల నుంచి కావళ్లు ఎత్తుకుని తిరుత్తణి కొండకు బయలుదేరేవారికి లెక్కలేదు. కొండ దిగి వచ్చేవారిలో చాలామందికి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది ఆ ఊళ్లోనేనని తెలుసు. ఆయన పంతులుగా మొదలై రాష్ట్రపతి అయ్యారని, సెప్టెంబరు 5న బడుల్లో జరిగే గురుపూజోత్సవం ఆయన పుట్టినరోజు పండుగేనని చిన్నపిల్లలు సైతం చెబుతారు. అయితే ఈ రెంటికీ నడుమ జరిగిన కథ మాత్రం మన ప్రాంతంలో అంతగా ప్రచారంలో లేదు. 1926లో ఆయన ఒక విద్యాసభకు ప్రతినిధిగా ఓడెక్కి వెళ్లారు. ఆ ప్రయాణమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పిందని చెప్పవచ్చు.

రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న జన్మించారు. తండ్రి వీరాస్వామి, తల్లి సీతమ్మ. తెలుగు కుటుంబం. పూర్వీకులది నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామం. ఇంటిపేరు అక్కడిదే. తండ్రిగారిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. వచ్చే జీతం చిన్నది, ఇంట్లో తినే నోళ్లు ఎక్కువ. తిరుత్తణి అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు మన జిల్లాలోకి వచ్చింది. సరిహద్దుల సర్దుబాటులో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి పోయింది. ఆ లెక్కన దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఆయన పుట్టిన ఊరు మన జిల్లా ఊరే.

ఊళ్లో చదువు అయ్యాక 1896లో బాలుణ్ణి తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చేర్పించారు. నాలుగేళ్లు అక్కడ చదివారు. ఒకవైపు వెంకటేశ్వరుని కొండ, మరోవైపు క్రైస్తవ మిషనరీల బడి. ఇంట్లో నేర్పిన పూజలు, బడిలో చెప్పే పాఠాలు ఒకదానికొకటి పొసగేవి కావు. తర్వాత వేలూరులోని వూరీస్ కళాశాల, ఆపైన మద్రాసు క్రిస్టియన్ కళాశాల. అవీ మిషన్ సంస్థలే. ఉపకార వేతనాలు లేకపోతే ఈ చదువు సాగేది కాదు.

తత్వశాస్త్రం ఆయన ఏరికోరి ఎంచుకున్నది కాదు. ఏ శాస్త్రం చదవాలా అని తేల్చుకోలేక ఉన్న సమయంలో, అదే కళాశాలలో పట్టా పూర్తి చేసిన ఒక బంధువు తన తత్వశాస్త్ర పుస్తకాలను ఆయనకు ఇచ్చేశాడు. పుస్తకాలు కొనే ఖర్చు తప్పింది. దాంతో అదే శాస్త్రం ఖాయమయింది. అన్న చదివిన పుస్తకాలు తమ్ముడికి, తమ్ముడివి పక్కింటి పిల్లవాడికి చేరడం మన పల్లెల్లో ఎరిగిన విషయమే. ఆ పాత పుస్తకాలు లెక్కల పుస్తకాలై ఉంటే దేశానికి మరొక లెక్కల మాస్టారు దొరికేవారేమో.

క్రిస్టియన్ కళాశాలలోని ఆచార్యులు కొందరు హిందూ మతాన్ని తీవ్రంగా విమర్శించేవారు. వేదాంతంలో ప్రపంచమంతా మాయ కాబట్టి అందులో మంచి చెడ్డలకు, నీతికి చోటు లేదన్నది వారి వాదనల్లో ముఖ్యమైనది. ఈ మాట కుర్రవాడి మనసులో ముల్లులా గుచ్చుకుంది. కోపం తెచ్చుకుని ఊరుకోలేదు. మూల గ్రంథాలు పట్టుకుని కూర్చున్నారు. 1908లో ఎం.ఎ. పట్టా కోసం వేదాంతంలోని నీతి గురించే పరిశోధన వ్యాసం రాశారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. తమ మతాన్ని తప్పుపడుతున్న ఆచార్యులకే దాన్ని సమర్పించవలసి రావడంతో ఆయన జంకినట్లు చెబుతారు. కానీ ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నవారు మిషనరీ ఆచార్యుడైన ఎ.జి. హాగ్. ఇది ఆ ఆచార్యుని పెద్దమనసుకు కూడా నిదర్శనం.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగం దొరికింది. ప్రభుత్వ కొలువు కావడంతో బదిలీలు తప్పలేదు. అనంతపురంలో కొంతకాలం, రాజమండ్రి ఆర్ట్స్ కళాశాలలో కొంతకాలం పనిచేశారు. 1918లో మైసూరు మహారాజా కళాశాలకు ఆచార్యులుగా వెళ్లారు. పేరు మోగింది అక్కడే. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం ఉపకులపతి అశుతోష్ ముఖర్జీ ఆయనను పిలిపించి, ఐదవ జార్జి చక్రవర్తి పేరిట ఉన్న తత్వశాస్త్ర పీఠాన్ని అప్పగించారు. ఆ రోజుల్లో దేశంలో తత్వశాస్త్రానికి అంతకు మించిన పదవి లేదు. మైసూరు వదిలి వెళ్లేనాడు విద్యార్థులు పూలతో అలంకరించిన బండికి గుర్రాలను కట్టనివ్వక, తామే రైలుస్టేషన్ దాకా లాక్కుపోయారు. దొరలకూ జమీందార్లకూ తప్ప ఇలాంటి మర్యాద జరగని కాలమది. మాస్టారుకు జరిగింది.

ఇక 1926 సంగతికి వస్తే, బ్రిటిష్ సామ్రాజ్యంలోని విశ్వవిద్యాలయాలన్నీ కొన్నేళ్లకొకసారి మహాసభ జరుపుకునేవి. మొదటి సభ 1912లో లండన్‌లో, రెండవది 1921లో ఆక్స్‌ఫర్డులో జరిగాయి. మూడవది 1926 వేసవిలో కేంబ్రిడ్జిలో ఏర్పాటయింది. దానికి కలకత్తా విశ్వవిద్యాలయం ప్రతినిధిగా రాధాకృష్ణన్ ఎంపికయ్యారు. ఆయన దేశం దాటడం అదే మొదటిసారి. వయస్సు ముప్పై ఏడు. అప్పటికి విమానాల రాకపోకలు లేవు. సూయజ్ కాలువ మీదుగా ఓడలో వారాల తరబడి ప్రయాణం. ఆయన శాకాహారి. ఓడ భోజనం సంగతి ఇక వేరే చెప్పాలా?

ఇలాంటి సభ ఎలా ఉంటుందో చూడని వారి కోసం రెండు మాటలు. ఇది తీర్మానాలు చేసి చప్పట్లు కొట్టి పోయే రాజకీయ సభ కాదు. వచ్చిన పండితుడు ముందుగా రాసుకున్న వ్యాసాన్ని చదవాలి, లేదా నిర్ణీత సమయంలో ప్రసంగించాలి. తర్వాత విన్నవారు లేచి ప్రశ్నలు వేస్తారు, తప్పులు పడతారు. చదివినవన్నీ ఆఖరున పుస్తకంగా అచ్చవుతాయి. ఒక విశ్వవిద్యాలయం పట్టాను మరొకటి గుర్తించడం, విద్యార్థులను, అధ్యాపకులను ఇచ్చిపుచ్చుకోవడం వంటి వ్యవహారాలు ఇక్కడే మొలకెత్తుతాయి. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు కూర్చున్నట్లే అనుకోవచ్చు. కాకపోతే ఆ రచ్చబండ దొరలది. మన దేశం అప్పటికి వారి ఏలుబడిలో ఉంది. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలలో చదివి వచ్చినవాడే పండితుడని మనవాళ్లు కూడా నమ్మే రోజులు. రాధాకృష్ణన్ చదువంతా తిరుత్తణి, తిరుపతి, వేలూరు, మద్రాసులలోనే సాగింది. సీమ పట్టా ఒక్కటీ లేదు. అలాంటి మనిషి తలపాగా, పొడవాటి కోటుతో ఆ సభలో కూర్చోవడమే ఆనాటికి ఒక సంగతి.

ఆ ప్రయాణంలో కేంబ్రిడ్జి సభ ఒక మెట్టు మాత్రమే. ఆక్స్‌ఫర్డులోని మాంచెస్టర్ కళాశాలలో ఉపన్యాసాలకు ఆయనకు పిలుపు వచ్చింది. పిలిచినవారు ఆ కళాశాల ప్రిన్సిపాల్ ఎల్.పి. జాక్స్. ఆయన నడిపే హిబ్బర్ట్ జర్నల్ పత్రికలో రాధాకృష్ణన్ వ్యాసాలు అచ్చయి ఉండడంతో మనిషిని చూడకముందే ఆయన రాత తెలుసు. హిందువు జీవితాన్ని ఎలా చూస్తాడన్న విషయంపై అక్కడ నాలుగు ఉపన్యాసాలు ఇచ్చారు. చేతిలో కాగితం లేకుండా గంటసేపు ధారగా ఇంగ్లీషులో మాట్లాడగలగడం ఆయనకున్న విద్య. విన్నవారిలో క్రైస్తవ మతాచార్యులు కూడా ఉన్నారు. వేదాంతంలో నీతి లేదన్న మాటకు పద్దెనిమిదేళ్ల క్రితం మద్రాసులో వ్యాసం రాసి జవాబు చెప్పిన విద్యార్థి ఇపుడు ఆక్స్‌ఫర్డులో నిలబడి చెప్పినట్లయింది. ఆ ఉపన్యాసాలు 1927లో పుస్తకంగా వచ్చి అనేక ముద్రణలు పొందాయి. అయితే అందులో కులవ్యవస్థకు ఆయన చెప్పిన కారణాలు, చేసిన సమర్థన నేటి పాఠకులకు, ముఖ్యంగా ఆ బరువు మోసినవారికి మింగుడుపడవు. కులం బిగుసుకుపోయి చేసిన చెడును కూడా ఆయన ఒప్పుకున్న మాట నిజమే. అయినా పరాయివారి ముందు ఇంటి పరువు కాపాడే ధోరణి కొంత కనిపిస్తుంది.

అక్కడి నుంచి అట్లాంటిక్ సముద్రం దాటి అమెరికా చేరుకున్నారు. షికాగోలో హాస్కెల్ ఉపన్యాసాలు ఇచ్చారు. సెప్టెంబరులో హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఆరవ అంతర్జాతీయ తత్వశాస్త్ర మహాసభ జరిగింది. 1900లో పారిస్‌లో మొదలైన ఈ సభలు ఐరోపా దాటి జరగడం అదే ప్రథమం. నాగరికత చరిత్రలో తత్వశాస్త్రం పాత్ర ఏమిటన్న అంశంపై రాధాకృష్ణన్ ప్రసంగించారు. అదే అంశంపై అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ వ్యాసం కూడా ఉంది. పిల్లవాడు పనిచేస్తూ నేర్చుకోవాలని ప్రపంచానికి చెప్పిన డ్యూయీ ఈయనే. యంత్రాలు, సంపద పెరిగినంత వేగంగా మనిషి లోపల ఎదగడం లేదన్నది రాధాకృష్ణన్ వాదన సారాంశం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఎనిమిదేళ్లే అయింది. బిడ్డలను పోగొట్టుకున్న దేశాలవి. అందుకే ఆ మాట వారికి చెవికెక్కింది.

తిరిగి వచ్చేసరికి ఆయన పేరు రెండు ఖండాలకు తెలిసింది. పేరుతో పాటు చిక్కులు కూడా వచ్చాయి. 1929లో జదునాథ్ సిన్హా అనే పండితుడు తన పరిశోధనలోని భాగాలను రాధాకృష్ణన్ తన పుస్తకంలో వాడుకున్నారని ఆరోపించారు. ఇద్దరూ కోర్టుకెక్కారు. 1933లో రాజీ కుదిరి వ్యవహారం ముగిసింది.

ఇక్కడ మన జిల్లాకు సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పుకోవాలి. రాధాకృష్ణన్ కేంబ్రిడ్జి సభకు వెళ్లిన సంవత్సరమే, 1926 ఏప్రిల్‌లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. తొలి ఉపకులపతి చిత్తూరును ఆనుకుని ఉన్న కట్టమంచి గ్రామవాసి డాక్టర్ సి.ఆర్. రెడ్డి. ఈయన మాత్రం కేంబ్రిడ్జిలోనే చదివినవారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా 1930లో ఆయన పదవి వదిలేశారు. 1931లో ఆ స్థానంలోకి వచ్చినవారు రాధాకృష్ణన్. 1936లో ఈయన ఆక్స్‌ఫర్డు వెళ్లగా మళ్లీ కట్టమంచివారే వచ్చారు. కోస్తా సముద్రం ఒడ్డున ఉన్న వాల్తేరు విద్యాలయానికి మొదటి ఇద్దరు ఉపకులపతులూ మన గాలి పీల్చినవారే కావడం విశేషం.

వాల్తేరులో ఆయన చేసిన పని చిన్నది కాదు. ప్రాంతం, మతం చూడకుండా చురుకైన యువకులను వెతికి తెచ్చారు. హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ, రసాయన శాస్త్రజ్ఞుడు టి.ఆర్. శేషాద్రి, భౌతిక శాస్త్రజ్ఞుడు సూరి భగవంతం వీరిలో కొందరు. ఒక్క ప్రసంగంతో ప్రపంచ సభలో పేరు తెచ్చుకోవచ్చుగానీ, సొంత విద్యాలయాన్ని నిలబెట్టడానికి పంతుళ్లను ఏరుకోవడం తెలియాలి. ఆ పని ఆయనకు తెలుసు.

1931లోనే నానాజాతి సమితి మేధావుల సహకార సంఘంలో సభ్యత్వం వచ్చింది. అంతకు ముందు ఆ స్థానంలో ఉన్న భారతీయుడు జగదీశ్ చంద్రబోసు. రేడియం కనుగొన్న మేడమ్ క్యూరీ 1934లో మరణించేవరకు అందులో సభ్యురాలు. వాల్తేరు నుంచి జెనీవాకు రాకపోకలు సాగించారు. దేశదేశాల పాఠ్యపుస్తకాలలో పొరుగు దేశం మీద ద్వేషం నూరిపోసే రాతలు తగ్గించడం వంటి పనులు ఆ సంఘం పెట్టుకుంది. పని మంచిదే. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం రానే వచ్చింది.

1936లో ఆక్స్‌ఫర్డులో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్ర ఆచార్య పీఠం ఆయనకు దక్కింది. ఆ విశ్వవిద్యాలయంలో పీఠం అలంకరించిన తొలి భారతీయుడాయన. 1939 నుంచి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి జీతం తీసుకోకుండా ఉపకులపతిగా ఉన్నారు. 1942 ఉద్యమంలో ప్రభుత్వం ఆ ప్రాంగణాన్ని యుద్ధ ఆసుపత్రిగా మార్చబోతే, ఢిల్లీ వెళ్లి వైస్రాయితో మాట్లాడి ఆపించారు.

యుద్ధం ముగిశాక విద్య, విజ్ఞానం, సంస్కృతుల కోసం యునెస్కో ఏర్పడింది. 1946 నవంబరులో పారిస్‌లో జరిగిన దాని మొదటి మహాసభకు భారత బృందానికి నాయకుడు రాధాకృష్ణన్. దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. 1926లో కేంబ్రిడ్జి సభలో సామ్రాజ్యపు ఒక విద్యాలయం తరఫున కూర్చున్న మనిషి, ఇరవై ఏళ్లకు దేశం తరఫున కూర్చున్నారు. మరో ఆరేళ్లకు, 1952లో, అదే యునెస్కో మహాసభకు అధ్యక్షుడై సభ నడిపించారు.

స్వతంత్ర భారతం 1948 నవంబరులో ఏర్పరచిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు కూడా ఆయనే అధ్యక్షులు. విదేశీ సభల్లో చూసినవీ విన్నవీ ఇక్కడ పనికొచ్చాయి. 1949 ఆగస్టులో నివేదిక ఇచ్చారు. పన్నెండేళ్ల చదువు పూర్తయ్యాకే విశ్వవిద్యాలయ చదువు మొదలు కావాలని, డిగ్రీ మూడేళ్లుండాలని, విశ్వవిద్యాలయాలకు నిధులు పంచే సంఘం ఉండాలని అందులో ఉంది. మన ఇళ్లలో పిల్లలు ఇంటర్ ముగించి మూడేళ్ల డిగ్రీలో చేరుతున్నారంటే దాని మూలాలు ఆ నివేదికలో కనిపిస్తాయి. పల్లెలకు తగిన గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలని కూడా ఒక అధ్యాయమంతా రాశారు. సేద్యం, చేతిపని, చదువు కలిసి సాగాలన్న ఆలోచన అది. మిగతావి అమలైనంతగా ఇది అమలు కాలేదు. పల్లె కుర్రాడు నేటికీ పెద్ద చదువుకు పట్నం బస్సు ఎక్కుతూనే ఉన్నాడు.

తర్వాతి పదవులు అందరికీ తెలిసినవే. 1949 నుంచి మాస్కోలో రాయబారి. 1952 నుంచి ఉపరాష్ట్రపతి. 1954లో భారతరత్న. 1962 నుంచి 1967 దాకా రాష్ట్రపతి. పుట్టినరోజు జరుపుతామని వచ్చినవారితో, దాన్ని ఉపాధ్యాయుల రోజుగా జరిపితే సంతోషిస్తానన్నారు. ఆ ఆనవాయితీ 1962లో మొదలయింది.

పదవీ విరమణ తర్వాత మద్రాసులో ఉంటూ 1975 ఏప్రిల్ 17న కన్నుమూశారు. ఆ ఏడాదే మత విషయక కృషికి ఇచ్చే టెంపుల్టన్ బహుమతి ఆయనకు వచ్చింది. ఆ సొమ్మును ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు.