పురసేవలో పటేలు

సర్దారు వల్లభభాయి పటేలు పేరు వినని భారతీయుడు లేడు. సంస్థానములను దేశమున విలీన మొనర్చిన ఆ మహనీయుడు ప్రజాసేవకు ఓనమాలు దిద్దుకొన్నది ఒక పురపాలక సంఘమునందే.

ఆయన 1875వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన గుజరాతునందలి నడియాదులో జన్మించెను. ఇంగ్లండులో బారిస్టరు పరీక్షయం దుత్తీర్ణుడై, 1913లో అహమ్మదాబాదు చేరి, న్యాయవాదిగా మిక్కిలి పేరు గడించెను. 1917లో అచ్చటి పురపాలక సంఘమునకు సభ్యుడుగా ఎన్నుకొనబడి, పారిశుధ్య సంఘమునకు అధ్యక్షుడయ్యెను.

ఆ యేడే నగరమున ప్లేగు వ్యాపించెను. బడులు, కచేరీలు మూతపడెను. కలిగినవారు ఊరు విడిచిపోయిరి. వల్లభభాయి మాత్రము కదలలేదు. ప్రాణభయము విడిచి వీధివీధి తిరిగెను, మురుగుకాలువలను శుభ్రపరపించెను, రోగము సోకిన తావులందు మందు చల్లించెను.

1924 నుండి 1928 వరకు ఆయన ఆ సంఘమునకు అధ్యక్షుడుగా నుండి, మంచినీటి సరఫరాను, మురుగునీటి పారుదలను విస్తరింపజేసెను. 1927 జూలైలో కుండపోతగా వానలు కురిసి వీధులు జలమయములు కాగా, అర్ధరాత్రమున తడియుచు బయలుదేరి, ఇంజనీరును మేల్కొలిపి, నిలిచిన నీటికి దారి చేయించెను.

1928లో పన్ను పెంపు నెదిరించిన బార్డోలీ రైతులకు ఆయన నాయకుడయ్యెను. స్వతంత్ర భారతమున ఉపప్రధానియై, 1948లో హైదరాబాదు సంస్థానమును దేశమున చేర్చుటకు ప్రధాన కారకుడయ్యెను. 1950 డిసెంబరు 15వ తేదీన బొంబాయిలో దివంగతుడయ్యెను.

బాలలారా! ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దల మాట. ఊరి మురుగు తీయించుటకు వెనుదీయని చేతులే పిదప దేశభారమును మోసినవి.