మాత్రల వరుసలో సుబ్బారావు గారు

బోదకాలు మాత్రలు పంచే రోజు మా హాస్టల్లో పెద్ద గొడవ. అన్నాలు కాగానే ఆరోగ్య సిబ్బంది రిజిస్టరు పట్టుకుని కూర్చునేవారు. పద్నాలుగేళ్ల వరకు రెండు, ఆపై వారికి మూడు. తల తిరుగుతుందన్న భయంతో మాలో కొందరం నాలుక కింద దాచుకుని, పళ్లేలు కడిగే చోట ఉమ్మేసేవాళ్లం. ఆ మందు మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచి వచ్చిందని అప్పుడు మాకు తెలియదు.

ఆయన 1895 జనవరి 12న పుట్టారు. పదమూడేళ్లప్పుడు కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోబోయారు. ఇంట్లోవాళ్లు పట్టి తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. సప్లిమెంటరీ రాసిన మాకు ఈ సంగతి భలే ఇష్టం. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నారని సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు.

అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. మన పెద్దలు సంగ్రహణి అనే జబ్బు లాంటిదే ఇది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది. ఆ దెబ్బ ఆయన్ను వదల్లేదని మా నమ్మకం.

మామగారి సాయంతోనూ, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయంతోనూ 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో చిన్న కొలువు చేస్తూ హార్వర్డులో చదివారు. ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పని వెంటే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. వంద మీటర్ల పరుగులో మొదటి కొన్ని సెకన్లు మన కాళ్లకు బలం అందించేది అదే. ఇంత చేసినా అక్కడ శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు.

అక్కడి ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకి అది మందు. మనకిచ్చే ఐరన్ మాత్రలో ఉండేదీ అదే. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్‌ను డగ్గర్ అనే శాస్త్రవేత్త ఆయన దగ్గర పనిచేస్తూనే మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీశారు. క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ బృందం పనే.

ఇక 1947 నాటి హెట్రజాన్. అదే మా బోదకాలు మాత్ర, డి.ఇ.సి. దోమ ద్వారా ఒంట్లోకి చేరిన పురుగు పిల్లలు మన ప్రాంతంలో రాత్రిపూటే పైరక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రుళ్లు వచ్చి వేలి నుంచి రక్తం తీసేవారు. మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి వచ్చేది మందు చెడ్డదై కాదు, ఆ పురుగులు చస్తున్నందుకు. ముదిరిపోయిన కాలు మాత్రతో మామూలు కాదు. అందుకే కాలు వాయకముందే మింగాలి. మేము ఉమ్మేసింది దాన్ని!

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలో కన్నుమూశారు. వెళ్లాక ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. పసితనంలోనే పోయిన కొడుకును ఆయన కళ్లారా చూడనేలేదు. ఈ సంగతి దగ్గర మాకు మాకే ఒక మాట కుదరదు. అంతటి మనిషి ఒక్కసారి రాలేకపోయారా అని కొందరం, ఆ రోజుల్లో చేతిలో డబ్బేది, తర్వాత యుద్ధం కదా అని కొందరం. పూర్వ విద్యార్థులు వచ్చిన ప్రతిసారీ ఈ వాదన మళ్లీ మొదలవుతుంది.