కైలాసపథమున గోదావరీపుత్రుడు

కోనసీమలో పుట్టి పెరిగిన బాలునకు కొండ యనునది పాఠ్యపుస్తకములోని బొమ్మయే. అమలాపురము నుండి రాజోలు వరకు నడచినను కాలువగట్టును మించిన యెత్తు కాలికి తగులదు. ఆ గోదావరీమండలముననే 1896లో జన్మించిన కనకదండి వేంకట సోమయాజులుగారు, దాదాపు పదునైదువేల అడుగుల యెత్తున మానససరోవర తీరమున ఏడాది కాలము నివసించి, స్వామి ప్రణవానంద యను పేర భూగోళ పండితుల మన్ననకు పాత్రులైరి.

వారు లాహోరులోని దయానంద కళాశాలలో చదివి, అచటనే రైల్వే లెక్కల కార్యాలయమున కొలువు చేసిరి. సహాయనిరాకరణోద్యమము రాగా కొలువు విడిచి, స్వదేశమునకు వచ్చి పశ్చిమ గోదావరి ప్రాంతమున కాంగ్రెసు పనిలో కొన్నియేండ్లు గడపిరి. పిదప హిమాలయములు చేరి స్వామి జ్ఞానానందుల శిష్యులైరి. ఆ గురువులును భీమవరము ప్రాంతమువారే; తపస్సు నుండి భౌతికశాస్త్రమునకు మరలి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పరమాణు పరిశోధనకు పునాది వేసినవారు. అట్టి గురువునకు కొలతబద్ద పట్టిన శిష్యుడు దొరకుట వింత గాదు.

ప్రణవానందులు 1928లో కాశ్మీరమునుండి లడఖు మీదుగా తొలిసారి కైలాసమును దర్శించిరి. 1935లో గంగోత్రి వైపున, జనసంచారము మిక్కిలి తక్కువగా నుండు కనుమలగుండ పోయిరి. సామాన్య యాత్రికులు నడచు అల్మోడా, లిపులేఖ మార్గమును ఆ మరుసటి యేడు పట్టిరి.

సన్న్యాసికి సన్నాహ మేల యని తోచవచ్చును. కాని ఆ దారి భక్తి నొక్కదానినే చూచి విడిచిపెట్టునది కాదు. అల్మోడా నుండి కైలాసము సుమారు 240 మైళ్లు. 16,750 అడుగుల లిపులేఖ కనుమ దాటినపిమ్మట చెట్టనునది అరుదు. ఆ కాలమున పొయ్యిలోనికి జడలబర్రె పేడయే గతి. అచట దొరకెడివి వెన్న, మాంసము, ఉప్పు, వేయించిన యవలపిండి. బియ్యము, గోధుమపిండి, చక్కెర వెంట గొనిపోవలసియుండెడివి. కందిపప్పును నమ్ముకొని పోయిన తెలుగువాడు పస్తుండవలసినదే. అంత యెత్తున గాలి యొత్తిడి తగ్గుటచే నీరు ఇంచుమించు 85 డిగ్రీల వేడికే మరగును, పప్పు ఉడకదు. మంచు తళుకునకు కన్నులు చెడకుండ నల్లద్దములు, చలికి ఉన్నిబట్టలు, బరువులకు కంచరగాడిదలు, దారిదోపిడి భయమునకు మనుష్యుల తోడు కావలసియుండెను. ఇందొకటి మరచినను తిరిగివచ్చి తెచ్చుకొనుటకు వీలుండెడిది కాదు.

ఈ సంగతులను అనుభవించి యెరిగిన స్వాములు 1938లో యాత్రికులకొరకు ఒక చేతిపుస్తకమును, 1949లో కైలాస మానససరోవరములపై పెద్దగ్రంథమును ఆంగ్లమున వెలువరించిరి. రెండవదానికి నెహ్రూ తొలిపలుకు వ్రాసిరి. అందు మజిలీ మజిలీకి మైళ్ల లెక్క చూపు పట్టికలు గలవు. రైల్వే కార్యాలయపు అలవాటు కాషాయము కట్టినను వదలలేదు కాబోలు!

1936-37 శీతకాలమున వారు సరస్సు దక్షిణతీరమందలి తుగోల్హో మఠమున నిలిచి, నీరు గడ్డకట్టుటను, మంచు పగుళ్లువారుటను, తిరిగి కరగుటను దినదినము పరీక్షించిరి. తరువాత పడవను అంతయెత్తునకు చేర్పించి లోతును కొలిచిరి. సింధు, బ్రహ్మపుత్ర, శతద్రు, కర్ణాలీ నదుల జన్మస్థానములను గూర్చి స్వీడను యాత్రికుడు స్వెన్ హెడిన్ చెప్పిన దానిని కాదని, టిబెటువారి సంప్రదాయమును ప్రమాణముగా గొని, 1939లో లండను భూగోళ పత్రికలో వ్యాసము ప్రకటించిరి. ఈ వివాదము నేటికిని పూర్తిగా తీరలేదు. అయినను, తన కాలితో నడచి చూచినవాని మాటగా పండితులు దానిని పట్టించుకొనిరి.

1950ల దశకమున వారి దృష్టి రూపకుండమువైపు మరలెను. 16,000 అడుగులకు పైబడిన ఆ చిన్ని కొలను చుట్టును వందలకొలది మనుష్యుల యెముకలు పడియుండెను. నందాదేవి యాత్రకు నర్తకీజనముతో ఊరేగింపునకు బోయినట్లు బోయి, వడగండ్లవానలో కూలిన కనోజు రాజు జసధవలుని పరివారమే అదియని ప్రజలలో ఒక గాథ గలదు. స్వాములు స్వయముగా ఆ యెత్తున కెక్కి, ఎముకలను, చెప్పులను పరిశీలించి, ఆ గాథయందు చరిత్ర గలదని నిర్ణయించిరి.

1976లో పద్మశ్రీ నందుకొని, 1989లో వారు పరమపదించిరి. ముప్పదియేండ్లకు, 2019లో, శాస్త్రజ్ఞులు 38 మంది యెముకలను జన్యుపరీక్ష చేసిరి. వారెల్లరు ఒక్క బిడారమువారు కారు. కొందరు క్రీ.శ. 800 ప్రాంతమున, మరికొందరు 1800 ప్రాంతమున మరణించినవారు. ఆ రెండవ గుంపులో మధ్యధరా సముద్రపు తూర్పుతీరమువారి వంశజులును ఉండిరి.