ఎడ్విన్ లింక్

ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్ (జూలై 26, 1904 – సెప్టెంబరు 7, 1981) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ ఆవిష్కర్త, వైమానికుడు, సముద్రగర్భ పరిశోధకుడు. నేల మీద కూర్చుండి విమానం నడపడం నేర్చుకొనుటకు వీలు కల్పించిన లింక్ ట్రైనర్ అనే యంత్రాన్ని ఈయన రూపొందించాడు. నేటి ఫ్లైట్ సిమ్యులేటర్లకు, ఔత్సాహికులు ఇళ్ళలో కంప్యూటరు తెరల ముందు నిర్మించుకొనే కాక్‌పిట్‌లకు ఇదే మూలమని చెప్పవచ్చును.

బాల్యం, విమానంపై ఆసక్తి

లింక్ ఇండియానా రాష్ట్రంలోని హంటింగ్టన్‌లో జన్మించాడు. 1910లో ఇతని తండ్రి న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో దివాలా తీసిన ఒక వాద్యపరికరాల సంస్థను కొని, పియానోలు, సినిమాహాళ్ళలో వాయించే ఆర్గాన్‌లు తయారు చేయసాగాడు. లింక్ చదువులో రాణించలేదు కాని, తండ్రి కర్మాగారంలో గాలి ఒత్తిడితో పనిచేసే వాద్యాల మరమ్మతులో ఆరితేరాడు.

1920లో కాలిఫోర్నియాలో తొలి విమాన పాఠానికి 50 డాలర్లు చెల్లించాడు. బోధకుడు సిడ్నీ చాప్లిన్, ప్రఖ్యాత నటుడు చార్లీ చాప్లిన్‌కు సవతి సోదరుడు. ఆ గంటసేపూ విమానం గాలిలో పల్టీలు కొట్టిందే గాని, శిష్యుడి చేతికి నియంత్రణ దండం ఒక్కసారైనా రాలేదు. ఇంత సొమ్ము పోసి నేర్చుకొనే విద్యకు చౌకైన మార్గం ఉండాలన్న తలంపు లింక్‌కు ఇటువంటి అనుభవాల వలననే కలిగినది.

లింక్ ట్రైనర్

1927 నుండి సుమారు ఏడాదిన్నర పాటు తండ్రి కర్మాగారపు నేలమాళిగలో శ్రమించి, 1929లో యంత్రాన్ని పూర్తిచేశాడు. పొట్టి రెక్కలున్న చిన్న చెక్క విమానం వంటి ఈ పెట్టె ఆర్గాన్‌లలో వాడే తిత్తులపై నిలుస్తుంది. విద్యార్థి దండాన్ని కదిపినపుడు కవాటాలు తెరుచుకొని, విద్యుత్ పంపు ఒక ప్రక్క తిత్తిలోని గాలిని పీల్చివేయగా అది ముడుచుకుంటుంది, ఎదుటి ప్రక్కది ఉబ్బుతుంది. పెట్టె ఆ మేరకు ఒరుగుతుంది. మరొక తిత్తుల యంత్రం దానిని గుండ్రంగా త్రిప్పుతుంది. అంటే పాటలు పలికించే యంత్రాంగమే ఇక్కడ ఎగరడం నేర్పినదన్నమాట. టాకీల రాకతో సినిమాహాళ్ళ ఆర్గాన్‌లకు గిరాకీ పోయిన కాలమది.

1931లో పేటెంటు లభించినా విమానరంగం వారు దీనిని పట్టించుకొనలేదు. తొలి యంత్రాలను ఎక్కువగా వినోద ఉద్యానవనాలు కొన్నాయి. లింక్ మాత్రం సొంత విమాన పాఠశాల నడుపుతూ, పరికరాలను మాత్రమే చూసి నడపడం నేర్పేందుకు పెట్టెపై మూత అమర్చాడు.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం తపాలా రవాణాను ప్రైవేటు సంస్థల నుండి తప్పించి సైనిక విమానదళానికి అప్పగించింది. మంచులో, చీకటిలో పరికరాల ఆధారంగా ఎగరడంలో తగిన శిక్షణ లేని పైలట్లు కొద్ది వారాలలోనే పదిమందికి పైగా మరణించారు. సైనికాధికారులకు తన యంత్రాన్ని చూపుటకు లింక్ న్యూవార్క్‌కు రావలసిన రోజున పొగమంచు దట్టంగా కమ్మింది. ఇక రాడని అధికారులు అనుకొనుచుండగా ఆయన పరికరాల సాయంతో వచ్చి సురక్షితంగా దిగాడు. ఏ ప్రదర్శన కంటెను ఈ రాకయే వారిని ఒప్పించి ఉండవచ్చును. ఆ ఏడాదే సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రాలు కొన్నది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలానికి పదివేలకు పైగా యంత్రాలు తయారయ్యాయి. నీలిరంగు వలన 'నీలిపెట్టె' అని పేరుపొందిన దీనిలో సుమారు ఐదు లక్షల మంది అమెరికా వైమానికులు శిక్షణ పొందారు. జపాన్ నౌకాదళం కూడా యుద్ధానికి ముందే వీటిని కొనడం విశేషం.

సముద్ర పరిశోధన

1950 దశకంలో తన సంస్థ జనరల్ ప్రెసిషన్‌లో విలీనమైన తరువాత లింక్ దృష్టి సముద్రం వైపు మళ్ళింది. భార్య మేరియన్‌తో కలిసి 1959లో జమైకాలోని మునిగిన పోర్ట్ రాయల్ నగరాన్ని పరిశోధించాడు. 1964లో బహామాస్ వద్ద ఆయన రూపొందించిన రబ్బరు నివాసంలో ఇద్దరు గజ ఈతగాళ్ళు 432 అడుగుల లోతున 49 గంటలు గడిపారు.

1971లో ఆయన రూపకల్పన చేసిన జాన్సన్ సీ లింక్ జలాంతర నౌక నీటిలోకి దిగింది. 1973 జూన్ 17న ఫ్లోరిడాలోని కీ వెస్ట్ సమీపంలో, సముద్రపు అడుగున ఉన్న ఒక పాత యుద్ధనౌక శిథిలాలలో ఇది చిక్కుకొనిపోయింది. పైకి తీయుటకు ఒక రోజుకు పైగా పట్టింది. ముందు గదిలోని ఇద్దరు బ్రతికారు. వెనుక గది అల్యూమినియం గోడలు చల్లబడడంతో, బొగ్గుపులుసు వాయువును పీల్చే రసాయనం పనిచేయక అందులోని ఇద్దరు మరణించారు. వారిలో ఒకడు లింక్ కుమారుడు క్లేటన్, రెండవవాడు ఆల్బర్ట్ స్టోవర్.

దుఃఖంలో ఉండియే లింక్, చిక్కుకొన్న జలాంతర నౌకలను విడిపించేందుకు మనుషులు లేకుండా తీగ ఆధారంగా నడిచే రక్షణ యంత్రాన్ని రూపొందించడానికి పూనుకొని దానిని పూర్తిచేశాడు. 1981 సెప్టెంబరు 7న బింగ్‌హామ్టన్‌లో మరణించాడు. 2003లో ఆయన పేరు అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తిమందిరంలో చేర్చబడినది.