రిచర్డు హామింగుగారు
హామింగుగారు 1915వ సంవత్సరమున చికాగోలో జన్మించి, 1946లో బెల్ ప్రయోగశాలలో గణితజ్ఞులుగా చేరిరి. ఆదివారములందు మనుష్యులు లేని వేళ అచ్చటి గణనయంత్రము తప్పు కనుగొనినంతనే వారి లెక్కను విడిచి వేరొకదానికి బోవుచుండెను. తప్పును పట్టగల యంత్రము దానిని దిద్దనేల లేదని విసిగి, వారు దిద్దు మార్గము కనిపెట్టి 1950లో ప్రకటించిరి. 1968లో ట్యూరింగు బహుమానము నందిరి; 1998లో గతించిరి.

నేటి ఇ.సి.సి. మెమరీకి ఆ మార్గమే మూలము. ఒక్క బిట్టు మారిన చాలును, 35 మార్కులు 3 అగును! మార్కుల పట్టీల కొరకు మేమట్టి మెమరీ కొంటిమి. మదరుబోర్డు దానిని స్వీకరించెను గాని దిద్దుబాటు చేయదయ్యెను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో కొనువారు బోర్డు పుస్తకము ముందే చూడుడు: మెమరీ ఇముడునని గాక, ఇ.సి.సి.గా పనిచేయునని వ్రాసియుండవలెను. ప్రాసెసరునకును ఆ శక్తి యుండవలెను.